బాఖ్ వాయించేటప్పుడు కుడికాలు ఎక్కడుండాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 41. కొండాపూర్‌లో ఉంటారు, ఐటీ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌ని చూసుకుంటారు. చిన్నప్పుడు రాజమండ్రిలో కొన్నేళ్లు వీణ నేర్చుకున్నారు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక పియానో మీద మనసు పడి వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మాస్టారి దగ్గర చేరారు. ఆయన చాలాకాలం సికింద్రాబాద్ చర్చిల్లో ఆర్గన్ వాయించినవారు, ఇప్పుడు 78 ఏళ్లు. ఆయన దగ్గర మొదటి నుంచీ ఒకటే కట్టుబాటు: జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం వాయిస్తున్నంతసేపూ కుడికాలు స్వరాలను మోగుతూ ఉంచే పెడల్ మీదికి పోకూడదు. లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఫోన్‌లో వీడియో పెట్టి పాఠం చెప్పారు. ఎంత బతిమాలినా ఫీజు తీసుకోలేదు.

మాస్టారు పిల్లల్ని పరీక్షలకు తయారుచేయడం ఎప్పుడో మానేశారు. అందుకని ఎనిమిదో గ్రేడ్ పరీక్ష కోసం ఆమె, తన 12 ఏళ్ల కూతురు నేర్చుకుంటున్న జూబ్లీహిల్స్ మేడమ్ దగ్గరే తానూ చేరారు. ఆదివారాలు మాత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి మాస్టారి దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. పరీక్షకు ఎంచుకున్నది బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి భాగంలోని సి మైనర్ ప్రెల్యూడ్ (ముందుగా వచ్చే చిన్న రచన), ఫ్యూగ్ (ఒకే స్వరాల వరసను వేర్వేరు గొంతులు, అంటే ఒకేసారి నడిచే వరసలు, ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన). మేడమ్ విని, "ఇంత పొడిగా వాయిస్తే ఎలా? పియానోకి పెడల్ ఉంది కదా, వాడండి" అన్నారు. ఇంట్లో భర్త "కుట్టుమిషన్ తొక్కుతున్నట్టుంది" అన్నారు. మేడమ్ చెప్పినట్టు సాధన చేశాక ఒక ఆదివారం మాస్టారింట్లో అలవాటుగా కాలు పెడల్ మీదికి వెళ్లింది. ఆయన వాయించడం ఆపించి, "అలా వాయించాలనుకుంటే నా దగ్గరికి రానక్కర్లేదమ్మా" అన్నారు.

అప్పటి నుంచి ఆమె ఒకే సంగీతాన్ని రెండు రకాలుగా వాయిస్తున్నారు. జూబ్లీహిల్స్‌లో పెడల్‌తో, మారేడ్‌పల్లిలో పెడల్ లేకుండా. ఇంట్లో డిజిటల్ పియానో. అపార్ట్‌మెంట్ కాబట్టి రాత్రి పది దాటాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన. వేళ్లతోనే స్వరాలు పట్టి ఉంచాలని పట్టుదలగా చేస్తుంటే కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. పరీక్షకు మూడు నెలలుంది, టెన్షన్‌గా ఉంది. కూతురేమో "అమ్మా, తాతగారు చెప్పింది కరెక్టా, మేడమ్ చెప్పింది కరెక్టా?" అని అడుగుతోంది. "ఎవరిది రైటో మీరైనా చెప్పండి. ఇద్దరికీ అబద్ధం చెప్తున్నట్టుగా ఉంది" అని ఉత్తరం ముగించారు.

*

మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన విషయంతో మొదలుపెడతానమ్మా. బొటనవేలి మొదట్లో నొప్పి.

పియానో కీ కిందికి దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. దిగాక దాన్ని అలాగే ఉంచడానికి అంత కూడా అక్కర్లేదు, వేలు ఊరికే ఆనించి ఉంటే సరిపోతుంది. సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేసిన తర్వాత మీరు ఎంత గట్టిగా అదిమినా ఆ స్వరంలో పిసరంత మార్పు రాదు. "వేళ్లతో పట్టి ఉంచు" అని మాస్టారు అంటే మీరు "అదిమి ఉంచు" అని అర్థం చేసుకుని ఉండొచ్చు. మామూలుగా ఆ నొప్పి అక్కడే పుడుతుంది. పైగా పగలంతా ఆఫీసులో కీబోర్డు మీద పనిచేసి, అలసిన చేత్తో రాత్రి పదింటికి ఫ్యూగ్ మొదలుపెడుతున్నారు. వేళ్లు బాగా చాచి పట్టి ఉంచాల్సిన చోట్లను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఒక్కో చేయి విడిగా, నిదానంగా, భుజం వదులుగా ఉంచి వాయించండి. అయినా నొప్పి తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కో ఫిజియోథెరపిస్ట్‌కో చూపించండి. ఇది వాయిదా వేయొద్దు. పరీక్ష ఈసారి కాకపోతే ఇంకోసారి రాయొచ్చు.

ఇక అసలు తగవు. మీ మాస్టారి కట్టుబాటు గాలిలోంచి వచ్చింది కాదు. బాఖ్ 1685లో పుట్టి 1750లో పోయారు. ఆయన ఇంట్లో, చర్చిలో, కొలువులో వాయించిన వాద్యాలు హార్ప్‌సికార్డ్, క్లేవికార్డ్ (రెండూ పియానోకంటే పాత కీబోర్డు వాద్యాలు), ఆర్గన్. మీరు ఎంచుకున్న సి మైనర్ ఉన్న సంపుటి 1722 నాటిది. అప్పటికి పియానో పుట్టింది కానీ అది ఫ్లారెన్స్‌లో క్రిస్టోఫోరి చేసిన కొత్త వాద్యం, జర్మనీలో ఇంకా వాడుకలోకి రాలేదు. తర్వాత జర్మనీలో సిల్బర్‌మన్ అనే వాద్య నిర్మాత పియానోలు చేశారు. మొదట్లో వాటిని చూసి బాఖ్, కీలు బరువుగా ఉన్నాయనీ పై స్వరాలు బలహీనంగా ఉన్నాయనీ అన్నట్టు ఆయన శిష్యుడు అగ్రికోలా రాశాడు. 1747లో పోట్స్‌డామ్‌లో ఫ్రెడరిక్ రాజుగారి కొలువులో మెరుగుపరిచిన సిల్బర్‌మన్ పియానోల మీద బాఖ్ స్వయంగా వాయించారు. ఆ పియానోల్లో డాంపర్లను, అంటే తీగల మోతను ఆపే మెత్తలను, ఎత్తే ఏర్పాటు ఉండేది, కానీ చేత్తో లాగే మీట రూపంలో. రెండు చేతులూ కీల మీద ఉండగా దాన్ని క్షణానికోసారి వేసి తీయడం కుదరదు. మీ కాలి కింద ఉన్న కుడి పెడల్, అంటే అన్ని డాంపర్లనూ ఒక్కసారి పైకెత్తి తీగలన్నిటినీ వదిలేసే పెడల్, మనకు తెలిసిన రూపంలో స్థిరపడింది బాఖ్ పోయాకే.

కాబట్టి ఈ సంగీతం పెడల్‌ని ఊహించి రాసింది కాదన్న మాట నిజం. అయితే దాని నుంచి "పెడల్ వేస్తే తప్పు" అన్న తీర్పు నేరుగా రాదు. అలా అయితే సి మైనర్‌ని పియానో మీద వాయించడమే తప్పవుతుంది. హార్ప్‌సికార్డ్‌లో ఎంత గట్టిగా కొట్టినా, ఎంత మెత్తగా నొక్కినా శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. మీరు పియానోలో ఒక గొంతును పెంచి ఇంకోదాన్ని తగ్గించిన ప్రతిసారీ బాఖ్ హార్ప్‌సికార్డ్‌లో లేని పనే చేస్తున్నారు, మాస్టారు కూడా అదే చేస్తున్నారు. మంచిదే. పియానో ఇచ్చే ఆ వరాన్ని తీసుకుంటూ పెడల్‌ని మాత్రం చరిత్ర పేరు చెప్పి నిషేధించలేం. నిషేధించాలంటే వేరే కారణం కావాలి. ఆ కారణం ఉంది. అది చరిత్రలో లేదు, చెవిలో ఉంది.

మీ సి మైనర్ ప్రెల్యూడ్ మొదటి బార్, అంటే తాళం ప్రకారం విడదీసిన మొదటి గడి, తీసుకోండి. కుడిచేతిలో పైన సి తర్వాత ఇ ఫ్లాట్, డి, మళ్లీ ఇ ఫ్లాట్. ఎడమచేతిలో సి తర్వాత జి, ఎఫ్, మళ్లీ జి. డి, ఇ ఫ్లాట్ పక్కపక్క స్వరాలు, మధ్య దూరం అరస్వరమే. పెడల్ నొక్కి ఉంచితే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి మోగుతాయి. అదే సమయంలో కింద ఎఫ్, జి కూడా. పదహారు స్వరాల బార్‌లో ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో విని చూడండి. మెలికలు తిరిగే ఆ నడక, ఆ కోపం, అంతా మసకబారిపోతుంది. ఇప్పుడు అదే సంపుటిలో మొదటిదైన సి మేజర్ ప్రెల్యూడ్ తీసుకోండి. అక్కడ ప్రతి బార్‌లోనూ చాలావరకు ఒకే కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) స్వరాలు విడివిడిగా వస్తాయి కాబట్టి పెడల్ వేసినా అంత నష్టం కనిపించదు, అందుకే అందరూ వేస్తారు. కానీ బాఖ్ ఎలా రాశారో చూడండి. ఎడమచేతి రెండు స్వరాలనూ సగం బార్ దాకా పట్టి ఉంచమని స్వరాల నిడివిలోనే రాశారు, కుడిచేతి మూడు స్వరాలనూ విడివిడిగా పోనిమ్మన్నారు. ఏది నిలవాలి, ఏది పోవాలి అన్నది ఆయన వేళ్లకు అప్పజెప్పారు. పెడల్ వేస్తే అన్నీ ఒకేలా నిలుస్తాయి, ఆ తేడా పోతుంది. మాస్టారి కట్టుబాటుకు నాకు కనిపించే అసలు బలం ఇదే. వేలు ఒక్క స్వరాన్ని పట్టి ఉంచగలదు. పెడల్‌కి ఆ ఎంపిక లేదు, అన్నిటినీ ఒక్కసారే పట్టుకుంటుంది.

మరి మేడమ్ అన్న "పొడి" మాట? దాన్నీ కొట్టిపారేయలేను. బాఖ్ 1723లో ఇన్వెన్షన్లు అనే తన సాధన రచనలకు రాసుకున్న ముందుమాటలో నేర్చుకునేవాళ్లు రెండు గొంతులను, తర్వాత మూడింటిని శుభ్రంగా వాయించాలంటారు. వాటన్నిటికంటే ముఖ్యంగా పాడినట్టు వాయించే తీరు పట్టుబడాలంటారు. పాడినట్టు. ఆ మాట పెడల్ లేని వాద్యాలనే దృష్టిలో పెట్టుకుని అన్నారు, కాబట్టి అది మాస్టారికి బలం. కానీ వాయించింది పొడిగా ఉంటే బాఖ్ అడిగినది ఇంకా రాలేదన్నట్టే, కాబట్టి మేడమ్‌కీ బలం. వీళ్లిద్దరూ మీ నుంచి ఒకే సంగతి కోరుతున్నారని ఉత్తరం చదువుతున్నప్పుడే నాకు అనిపించింది.

ఇద్దరూ ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో కూడా చూడండి. ఆర్గన్‌లో కీ మీద వేలు ఉన్నంతసేపూ శబ్దం అదే బలంతో నిలుస్తుంది, వేలు తీసిన క్షణం ఆగిపోతుంది. స్వరాలను కలపడానికి వేళ్లు తప్ప ఇంకో దారి లేదు. కింద పాదాలతో వాయించేవి కూడా స్వరాలే, శబ్దాన్ని నిలబెట్టే పెడల్ కాదు. జీవితమంతా అలా వాయించిన మనిషికి, వేళ్లు చేయాల్సిన పనిని కాలికి అప్పగించడం బద్ధకంలా కనిపిస్తుంది. మేడమ్ గురించి మీరు ఎక్కువ రాయలేదు, కానీ బాఖ్ తర్వాతి స్వరకర్తలైన షోపాన్, డెబ్యుస్సీలను వాయిస్తూ పెరిగిన ఎవరికైనా పెడల్ సగం వాద్యం. వాళ్ల చెవికి పెడల్ లేని పియానో అసంపూర్ణంగానే వినిపిస్తుంది. మాస్టారి లెక్కలో ఒక్క చిక్కుంది: పియానోలో స్వరం పుట్టిన క్షణం నుంచే సన్నబడుతుంది. ఆర్గన్‌లో పనిచేసే వేళ్ల కలుపు పియానోలో ప్రతిచోటా సరిపోదు. వీణ నేర్చుకున్న మీకు ఇది నేను చెప్పనక్కర్లేదు. మీటిన తర్వాత నాదం ఎంత మిగిలిందో చూసుకుని ఆ మిగిలిన దాన్నే లాగి గమకం వేస్తారు, తర్వాతి మీటు ఎంత బలంగా ఉండాలో దాన్ని బట్టే తేల్చుకుంటారు. పియానోలో గమకం లేదు. కానీ తగ్గిన స్వరానికి తర్వాతి స్వరాన్ని ఎంత బలంతో జతచేయాలన్న ఆ చెవి అక్కడా కావాలి. బాఖ్ కాలపు క్లేవికార్డ్‌లోనైతే నొక్కిన వేలిని కాస్త అదిమి వదులుతూ స్వరాన్ని వణికించవచ్చు, కీ చివరి లోహపు ముక్క తీగను వదలకుండా తాకే ఉంటుంది కాబట్టి. కీబోర్డు వాద్యాల్లో మన గమకానికి అంత దగ్గరగా వచ్చింది ఇంకోటి లేదు. బాఖ్‌కి ఆ వాద్యమే ఎక్కువ ఇష్టమని 1802లో ఆయన జీవితచరిత్ర రాసిన ఫోర్కెల్ అంటాడు.

కుట్టుమిషన్ మాట మిమ్మల్ని బాగా బాధపెట్టినట్టుంది. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఆ శబ్దం పెడల్ లేకపోవడం వల్ల రాదు. ప్రతి స్వరమూ ఒకే బలంతో, ఒకే నిడివితో, ఒకే దూరంలో పడటం వల్ల వస్తుంది. అలా వాయించి పెడల్ వేస్తే అదే మోత కాస్త మసకగా వినిపిస్తుంది, అంతే. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1955లో రికార్డు చేసిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ వినండి. స్వరాలు పూసల్లా విడివిడిగా ఉంటాయి, పెడల్ దాదాపు వినిపించదు, అయినా ఒక్క వాక్యం కూడా నిర్జీవంగా ఉండదు. ఆంద్రాష్ షిఫ్ 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' రెండు భాగాలనూ పెడల్ ముట్టకుండా రికార్డు చేశారు, 2012లో వచ్చింది. మీ మాస్టారికి అది నచ్చుతుంది. అందులో మీ సి మైనర్ కూడా ఉంది. దాని పక్కన 1970ల తొలినాళ్లలో స్వియతోస్లావ్ రిక్టర్ చేసిన రికార్డింగ్ పెట్టుకుని వినండి. బాగా ప్రతిధ్వనించే గది, పెడల్ ధారాళంగా. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. విన్నాక మీరు ఒక్క సంగతే గమనించండి: ఫ్యూగ్‌లో నడిమి గొంతు ఎక్కడికి పోతోందో ఇద్దరిలోనూ చివరిదాకా వినిపిస్తుంది.

మీ ఫ్యూగ్‌లో మూడు గొంతులున్నాయి. మొదట నడిమిది వస్తుంది, తర్వాత పైది, ఆ తర్వాత కిందిది. ముందు ఒక్కో గొంతునూ మీ గొంతుతో పాడండి. నిజంగా నోరు తెరిచి, వీణ క్లాసులో పాడినట్టే. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఫ్యూగ్ విషయం, అంటే ప్రతి గొంతూ అందుకునే ఆ స్వరాల వరస, మొదట్లో వచ్చే రెండు చిన్న స్వరాలు వాటి తర్వాతి పెద్ద స్వరంలోకి ఒరుగుతాయి. ఆ పెద్ద స్వరాలను కాస్త విడదీసి, చిన్నవాటిని కలిపి వాయించి చూడండి, నడక ఒక్కసారి మారిపోతుంది. తర్వాత రెండు గొంతులు వాయిస్తూ మూడోది పాడండి. కష్టం. కానీ ఇది చేస్తే ఏ వేలు ఎక్కడ నిలవాలో మీకే తెలుస్తుంది. ఒక స్వరం నొక్కి ఉంచి దాని మీదే నిశ్శబ్దంగా వేలు మార్చుకోవడం కూడా అవసరమైన చోటే చేయండి. ప్రతిచోటా మార్చుకుంటూ పోతే చేయి బిగుసుకుంటుంది, మీకిప్పుడు ఉన్న నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో ఒక పని ఈ రాత్రే చేయండి. మీ డిజిటల్ పియానో సెట్టింగ్స్‌లో రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఉందేమో చూసి తీసేయండి. చాలా మోడల్స్‌లో అది ముందే ఆన్ చేసి ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో మీరు కచేరీ హాల్లో కూర్చున్నట్టు వినిపిస్తుంది. దానికి అలవాటు పడ్డ చెవికి, కార్పెట్ పరిచి కర్టెన్లు వేసిన గదిలో అసలు పియానో తప్పకుండా పొడిగా వినిపిస్తుంది. మేడమ్ గది ఎలా ఉందో నాకు తెలియదు, కానీ మార్బుల్ ఫ్లోర్, ఖాళీ గోడలు ఉన్న ఇంటికీ ఏసీ గదికీ వాయించే తీరులోనే తేడా రావాలి. గది మోగితే పెడల్‌కి పనే ఉండదు. గది మింగేస్తుంటే అక్కడక్కడ ఒక చిన్న స్పర్శ సాయం చేస్తుంది. పెడల్ ఎంత అన్న ప్రశ్నకు నోట్స్‌లో కంటే గదిలోనే ఎక్కువ జవాబు దొరుకుతుంది. ఇంకో సంగతి: మీ డిజిటల్‌కి ఉన్న పెడల్ ఊరికే ఆన్, ఆఫ్ అయ్యే రకమైతే దాని మీద సగం పెడల్, అంటే పెడల్‌ని సగమే ఎత్తి దించడం, నేర్చుకోవడం కుదరదు. అది మేడమ్ దగ్గర అసలు పియానో మీదే చేయాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పరీక్షలో అసలు పెడల్ లేకుండా వాయించొచ్చు. మీరు రాసేది బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎం పరీక్ష అయితే, అక్కడ పెడల్ వాడకం వాయించేవారి ఇష్టానికే వదిలేస్తారు, పరీక్షకులు వినిపించిన ఫలితాన్నే చూస్తారు. బాఖ్‌లో పెడల్ లేదని ఎవరూ మార్కులు తగ్గించరు. పొడిగా, ఒకే మోతగా ఉంటే తగ్గిస్తారు, అది పెడల్ ఉన్నా తగ్గుతుంది. ప్రెల్యూడ్‌కి ఈ దారి చక్కగా నప్పుతుంది. ఫ్యూగ్‌లో మీ చేతికి అందని చోట్లు ఒకటి రెండు ఉంటే అక్కడ ఏదో ఒక స్వరాన్ని ముందే వదలాల్సి వస్తుంది. ఏది వదలాలో ముందే తేల్చుకుని వదిలితే వినేవారికి లోటు తెలియదు, అప్పటికప్పుడు తడబడి వదిలితే తెలుస్తుంది. ఈ దారిలో మేడమ్‌ని ఒప్పించే పని మీది.

ఇంకో దారి, నేనైతే మీ స్థానంలో ఇటే మొగ్గేదాన్ని: మొత్తం పెడల్ లేకుండా నేర్చుకుని, వేళ్లతో ఆగకుండా వాయించగలిగాక, చివర్లో మాత్రం కొన్ని చోట్ల కాలు కలపడం. ప్రెల్యూడ్ చివర్లో బాఖ్ స్వయంగా ప్రెస్టో, అడాజియో, అలెగ్రో అని రాశారు. ఆ అడాజియో దగ్గర కార్డ్ విచ్చుకునే చోట పెడల్ కొంచెం వేస్తే తీగలన్నీ ఊపిరి తీసుకుంటాయి. ఫ్యూగ్ ముగింపు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కింద సి నిలిచి ఉండగా పైన విషయం ఆఖరిసారి వస్తుంది. ఆర్గన్‌లో ఆ సి చివరి కార్డ్ దాకా నిండుగా ఉంటుంది, పియానోలో సన్నబడుతూ పోతుంది. అక్కడ పెడల్ పూర్తిగా నొక్కి ఉంచితే పై గొంతులు కలగాపులగమవుతాయి. పూర్తిగా ఎత్తి మళ్లీ వేస్తే, వేలు పట్టుకుని లేకపోతే కింది సి పోతుంది. అందుకని వేలు సి మీద ఉంచే, పెడల్‌ని సగం మాత్రం ఎత్తి మళ్లీ దించండి. డాంపర్ తీగను కొద్దిగా తాకితే పై స్వరాల సన్న తీగలు వెంటనే ఆగుతాయి, కింది లావు తీగలు ఇంకా మోగుతూనే ఉంటాయి. కాలికి ఇది చాలా సున్నితమైన పని, వారాలు పడుతుంది. ఈ దారికి మూల్యం ఏమిటంటే, మాస్టారికి నిజం చెప్పాలి.

మూడోది, మేడమ్ చెప్పినట్టు పెడల్ బాగా వాడుతూ వాయించడం. వద్దని చెప్పను. కానీ మీరు ఇన్నేళ్లు వేళ్లకు నేర్పింది ఇలా వాయిస్తే నెమ్మదిగా పోతుంది, పెడల్ కప్పేస్తుందన్న ధీమాతో వేళ్లు ముందే లేచిపోతాయి. మూడు నెలల్లో అది మొదలై పరీక్ష తర్వాత కూడా ఉండిపోతుంది. ఇక నొప్పి తగ్గకపోతే ఫ్యూగ్ మార్చి అదే జాబితాలో ఇంకేదైనా తీసుకోవడం కూడా తెలివైన పనే. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షలో మూడు పాటలకూ తలా 30 మార్కులే, మొత్తం 150లో.

ఇప్పుడు చేస్తున్నట్టు రెండు చోట్ల రెండు రకాలుగా వాయించడం మాత్రం ఎంత త్వరగా ఆపితే అంత మంచిది. మాస్టారికి తెలిస్తే ఏమవుతుందన్న భయం ఒక్కటే కాదు కారణం. వేళ్లు ఒక రోజు స్వరాన్ని పట్టి ఉంచడం, ఇంకో రోజు వదిలేయడం నేర్చుకుంటున్నాయి. పరీక్ష రోజు టెన్షన్‌లో ఏది బయటికి వస్తుందో మీకే తెలియదు.

మాస్టారితో ఎలా మాట్లాడాలన్నది అన్నిటికంటే కష్టమని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆయన అన్న మాట కటువుగానే ఉంది, మీరు బాధపడటంలో తప్పులేదు. కానీ లాక్‌డౌన్‌లో ఫీజు లేకుండా నెలలపాటు పాఠం చెప్పిన మనిషి ఒక్క పెడల్ కోసం మిమ్మల్ని వదిలేస్తారని నాకు అనిపించడం లేదు. తాను కట్టిన పునాది కరిగిపోతోందని ఆయన భయపడి ఉండొచ్చు. కాబట్టి పెడల్ గురించి వాదన పెట్టుకోవద్దు. ముందు మొత్తం ప్రెల్యూడ్, ఫ్యూగ్ పెడల్ లేకుండా, ఆయన కోరిన తీరులో వాయించి వినిపించండి. తర్వాత అడగండి: "మాస్టారూ, ఫ్యూగ్ చివర్లో కింది సి ఆర్గన్‌లోలా నిలవడం లేదు. పియానోలో దాన్ని ఎలా నిలబెట్టాలి?" ఆయన ఆర్గన్ చెవికి అది నిజమైన ప్రశ్న. ఆయన దగ్గర పెడల్ లేని జవాబు ఉంటే అది నాకూ రాయండి, ఎంతోమంది పాఠకులకు పనికొస్తుంది. లేకపోతే, మేడమ్ దగ్గర పరీక్షకు సిద్ధమవుతున్నానని, అక్కడ కాస్త పెడల్ వేస్తున్నానని, ఆ చోట్లు ఇవీ అని చెప్పండి. చెప్పాక ఆయన కోపం తెచ్చుకుంటారా, మెత్తబడతారా అన్నది మీ చేతిలో లేదు. కోపం తెచ్చుకుంటే రెండు మూడు ఆదివారాలు కష్టంగా గడుస్తాయి. అయినా వెళ్తూనే ఉండండి. మేడమ్‌తో కూడా అలాగే, ఫలానా చోట పెడల్ ఎందుకు వద్దనుకుంటున్నారో మొదటి బార్ వాయించి వినిపించండి, డి, ఇ ఫ్లాట్ కలిసిపోవడం ఆవిడకు మీకంటే ముందే వినిపిస్తుంది.

పాప అడిగిన ప్రశ్నకు మీరు ఇద్దరిలో ఒకరి పేరు చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుంది: మొదటి బార్ ఒకసారి పెడల్‌తో, ఒకసారి లేకుండా వాయించి, "ఎందులో ఎక్కువ స్వరాలు విడిగా వినిపించాయి?" అని అడగండి. తర్వాత సి మేజర్ ప్రెల్యూడ్ అలాగే రెండు రకాలుగా వాయించి మళ్లీ అడగండి. రెండోసారి ఆ పిల్ల కాస్త ఆలోచిస్తుంది, ఆ ఆలోచన తననే చేసుకోనివ్వండి.

పరీక్ష రోజు కుర్చీ సర్దుకున్నాక మొదలుపెట్టే ముందు ఆ పియానో మీద కాస్త వాయించి చూసుకోనిస్తారు. అప్పుడు స్కేలు వాయించకండి. ఫ్యూగ్ చివరి బార్లు మెల్లగా వాయించి, ఆ పెడల్ ఎంత లోతుకు దిగాక డాంపర్లు లేస్తున్నాయో, గది ఎంత మోగుతోందో వినండి. గది బాగా మోగుతుంటే అనుకున్న చోట్ల కూడా కాలు కదపకండి. పెడల్ బిగుసుగానో కిర్రుమంటూనో ఉంటే అసలు ముట్టకండి. మాస్టారి దగ్గర నేర్చుకున్న తీరు మీ వేళ్లలో ఉంది కాబట్టి ఆ అవకాశం మీకుంది.